అమ్మమ్మ పళ్ళసెట్టు పెట్టుకున్న రోజు

ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. పొయ్యి పక్క కుర్చీలో అమ్మమ్మ. ఆవిడకి ఎదురుగా, కిటికీ కింద, పక్క వీధి క్లారా పెద్దమ్మ. గుమ్మానికి అడ్డంగా, కూర్చోమన్నా కూర్చోకుండా, క్లిఫర్డ్ మావయ్య. ఎవ్వరమూ కూర్చోని మంచి సోఫాలో మునిసిపాలిటీ నుంచి వచ్చిన పెన్‌బరీ గారు. పంజరంలో చిలక. మెట్ల మీద నేను. ఓస్టాప్ గారు తర్వాత వచ్చారు. రాత్రి డైరీలో పేర్లు రాసుకుంటున్నప్పుడు ఆయన్ని ఈ వరసలో చేర్చాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చేర్చాను. జరిగిందంతా ఆయన మూలంగానే కదా.

కిందటి వారం పెన్‌బరీ గారు నోరు జారిన సంగతి దగ్గర ఆగాం. మా బాబిన్ వీధిని పడగొట్టాలని మునిసిపాలిటీ అనుకుంటోంది. పోతే అందరం పోవాలి, ఉంటే అందరం ఉండాలి, ఒక్కరు కూడా విడిగా ఒప్పుకోకూడదని వీధంతా ఒట్టు వేసుకుంది. ఆ ఒట్టు వేయించింది మా అమ్మమ్మే. మగ్గంలో దారం అటూ ఇటూ తీసుకెళ్ళే తన పాత నాడెని ఈ గదిలోనే బల్ల మీద పెట్టి, ఇంటికొకరి చొప్పున దాని మీద చెయ్యి వేయించింది. అలాంటిది పెన్‌బరీ గారు గడప దిగుతూ, "ఒక ఇంటివాళ్ళు ఇప్పటికే ఒప్పుకున్నారుగా" అనేసి వెళ్ళిపోయారు. ఏ ఇల్లో చెప్పలేదు.

ఇక చూడండి. అప్పటినుంచి మా వీధిలో పాలసీసాలు తీసుకోవడానికి బయటికొచ్చినవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. తిరిగి తిరిగి అనుమానం ఓస్టాప్ గారి మీద వాలింది. మా పక్కిల్లే ఆయనది. యుద్ధం అయ్యాక ఉక్రెయిన్ నుంచి వచ్చి మిల్లులో దూది ఏకే గదిలో పనికి కుదిరారు. మిల్లు మూతపడేదాకా అక్కడే. ఎంతమంది పుట్టి ఎంతమంది పోయినా ఆయన మాకు ఇంకా 'కొత్తగా వచ్చినాయన'.

మా థార్న్‌షా ఒకప్పుడు ఉట్టి పల్లెటూరు. కొండ మీద చర్చి, దాని పక్కన నేను చదువుకున్న బడి, కాసిని గొర్రెలు. తర్వాత వాగు ఒడ్డున మిల్లు లేచింది. మిల్లు కోసం వీధులు లేచాయి. ఇటుక ఇళ్ళు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని, చలికి వణికేవాళ్ళలా. ఇప్పుడు పట్నం వాళ్ళు మమ్మల్ని తమ శివారు అంటారు. మేం మాత్రం బస్సెక్కితే ఇప్పటికీ 'పట్నం వెళ్ళొస్తాం' అంటాం, పరాయి దేశం పోతున్నట్టు. మగ్గాల షెడ్డులో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు. మిల్లు కూత లేదు కాబట్టి మా వీధిలో ఎవరికీ టైము సరిగ్గా తెలీదు. పొగ లేదు కాబట్టి ఆరేసిన దుప్పట్లు తెల్లగానే ఉంటాయి. ఆ తెల్లదనం చూస్తే అమ్మమ్మకి ఒళ్ళు మండుతుంది. "తెల్ల దుప్పట్లు కప్పుకుని పస్తు పడుకోండి" అంటుంది.

ఆ రోజు ఆఫీసరు వస్తున్నాడని అమ్మమ్మ పళ్ళసెట్టు పెట్టుకుంది. మామూలుగా అది కప్పులో నీళ్ళలో ఉంటుంది. ఆవిడ ముందు పళ్ళు వయసులోనే పోయాయి. నాడెలో దారపు కండె మార్చినప్పుడల్లా దారం కొసని నాడె కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలి. నూనే, దుమ్మూ నోట్లోకే. మా వీధి ముసలమ్మలందరి నోళ్ళూ అందుకే ఒకేలా ఉంటాయి. చెవులు కూడా. మగ్గాల మోతకి అమ్మమ్మకి చెవులు దాదాపు పూర్తిగా పోయాయి.

అయినా షెడ్డులో నేతపని ఆడవాళ్ళు రోజంతా కబుర్లు చెప్పుకునేవారు. పెదవులతో. గొంతు ఉండదు. ప్రతి మాటకీ నోరు బాగా తెరిచి, సాగదీసి, కనుబొమలు కూడా కలిపి మాట్లాడతారు. దాన్ని మేం పెదవిమాట అంటాం. షెడ్డు ఈ చివర ఉన్నావిడ ఆ చివర ఉన్నావిడతో మొగుడి మీద చాడీలు చెప్పుకోవచ్చు. అయితే ఆ మాట మధ్యలో ఉన్నవాళ్ళందరికీ కనిపిస్తుంది. అందుకని ఒక మర్యాద పెట్టుకున్నారు. మాట నీతో కాకపోతే తల తిప్పుకోవాలి. తిప్పుకోని మనిషి పక్కన మగ్గం పట్టడానికి ఎవ్వరూ ఒప్పుకునేవారు కాదట.

నేను తల తిప్పుకోలేదు. అసలు నన్ను తిప్పుకోమని ఎవ్వరూ అనలేదు, ఎందుకంటే నేను చూస్తున్నానని ఎవ్వరికీ తెలీదు. మెట్ల మీద కూర్చుని ఉండే పిల్లని గోడకి తగిలించిన కోటులా చూస్తారు. మాట్లాడని మనిషికి చూడటం తప్ప పనేముంది? ఏళ్ళ తరబడి చూశాను. బళ్ళో నేర్చుకున్న ఏ పాఠం కన్నా నాకు అది బాగా వచ్చింది. అమ్మమ్మ పళ్ళసెట్టు లేనప్పుడు మాటలు ముద్దముద్దగా ఉంటాయి, సగం జారిపోతాయి. ఆ రోజు మాత్రం ఒక్కో మాటా అచ్చు వేసినట్టు కనబడింది.

పెన్‌బరీ గారికి గుబురు గడ్డం. మీసాలు పెదవుల మీదికి వాలి ఉంటాయి. ఆయన ఏం మాట్లాడుతున్నారో అమ్మమ్మకి ఒక్క ముక్క అందదు. అందుకే క్లారా పెద్దమ్మని పిలిపించుకుంది. ఆయన అన్నది పెద్దమ్మ విని, పెదవిమాటలో అమ్మమ్మకి చేరవేస్తుంది.

"ఒప్పుకున్నది ఎవరో చెప్పండి సార్," అన్నాడు మావయ్య. "మేం ఏమీ అనం. ఊరికే తెలుసుకుందామని."

"చిన్నప్పుడు పిల్లి తోక పట్టుకునే ముందు కూడా వీడు ఇదే అనేవాడు," అంది క్లారా పెద్దమ్మ, చిలకతో చెబుతున్నట్టు.

"అది చెప్పే అధికారం నాకు లేదండి," అన్నారు పెన్‌బరీ గారు.

"మరి ఉన్న అధికారం ఏమిటి?" అన్నాడు మావయ్య.

"ఒక ఇల్లు ఖాళీ అయితే తలుపులకీ కిటికీలకీ చెక్కలు కొట్టించే అధికారం ఉంది. గోడలు కలిసున్నాయి కాబట్టి పక్కిళ్ళకి చెమ్మ దిగుతుంది. ఆ ఇబ్బంది ఉంటుంది, కాదనను."

"చెమ్మతో పోతుందా? ఎలుకలు రావూ?"

"ఎలుకల సంగతి వేరే శాఖ చూస్తుంది."

పెద్దమ్మ అమ్మమ్మ వైపు తిరిగి పెదవులు కదిపింది. 'ఎలుకలు వేరే శాఖట.'

'ఎలుకలకి ఆ సంగతి తెలుసా?' అన్నాయి అమ్మమ్మ పెదవులు.

నాకు నవ్వొచ్చింది. మోకాళ్ళలో మొహం దాచుకుని మళ్ళీ తలెత్తేసరికి అమ్మమ్మ పెదవులు ఇంకో మాట అంటున్నాయి.

'క్లారా, ఆ ఒప్పుకున్న ఇల్లు నాదే.'

పెద్దమ్మ చేతిలోని కప్పు సాసర్ మీద పెట్టేసింది. 'నీకేమన్నా మతిపోయిందా థిర్జా?'

'వాళ్ళిచ్చే దాంట్లో స్నానాలగది ఉంది. మరుగుదొడ్డి ఇంట్లోనే. మెట్లు లేవు. ఇంక నా వల్ల కాదే.'

పెన్‌బరీ గారు ఇద్దరి మధ్యా కూర్చుని, తన మాటలే అమ్మమ్మకి చేరుతున్నాయనుకుని తృప్తిగా తల ఊపుతున్నారు. మావయ్య ఆయన మీదే కళ్ళు పెట్టి ఉన్నాడు. కొండ వెనక కడుతున్న ముసలాళ్ళ ఇళ్ళ గురించి మా వీధిలో అందరికీ తెలుసు. ఒక గది, ఒక మంచం. మనవరాళ్ళకి చోటు లేదు.

'మరి పిల్ల?' అని అడిగింది పెద్దమ్మ.

సరిగ్గా అప్పుడే పెన్‌బరీ గారు అల్లం కేకు ముక్క కోసం ముందుకి వంగారు. ఆయన తల అమ్మమ్మ మొహానికి అడ్డం పడింది. మెట్ల మీద ఆ పక్కకీ ఈ పక్కకీ జరిగాను. ఆయన ముక్క తీసుకుని, అది చిన్నదని పెట్టేసి, ఇంకోటి తీసుకున్నారు. వెనక్కి వాలేసరికి అమ్మమ్మ నోరు మూసుకుంది. పెద్దమ్మ నా వైపు ఒక్కసారి చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది.

ఒక కేకు ముక్క. దాని వెనకాల నా బతుకు సంగతి ఎటో పోయింది.

ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ నేను చిన్నగా ఉన్నప్పుడే ఇంకొకాయనతో కోవెంట్రీ వెళ్ళిపోయింది. పుట్టినరోజుకి కార్డు పంపుతుంది. ఇన్ని వారాలుగా ఆవిడ ఊసు ఇక్కడ రాలేదు. మా ఇంట్లోనూ అంతే, రాదు.

ఓస్టాప్ గారు తలుపు తట్టారు. మావయ్యే కబురు పెట్టాడు. ఆయన లోపలికి వచ్చే ముందు బూట్లు చాలాసేపు తుడుచుకున్నారు. వీధిలో గడపరాయితో వారం వారం గడపని తెల్లగా రుద్దేది ఇప్పుడు ఆయనొక్కరే. మా గడప మాసిపోయి చాలా రోజులైంది. అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా అనుకున్నాను. వదిలేసి పోయే గడపని ఎవరు మాత్రం రుద్దుతారని ఇప్పుడు తట్టింది.

"ఓస్టాప్, నువ్వు చెడ్డోడివని నేననను," మొదలుపెట్టాడు మావయ్య. "కానీ నాడె మీద చెయ్యి వేశావు."

"వేశాను."

"మరి కిటికీ తెరలు ఎందుకు దింపావు?"

"ఉతకడానికి."

"నవంబర్లోనా?"

"నవంబర్లో కూడా మురికి పడుతుంది."

"తోటలో బీట్‌రూటంతా తవ్వేశావుట. వెళ్ళిపోయేవాడు కాకపోతే ఎందుకు తవ్వుతాడు?"

"నవంబరు కాబట్టి," అన్నారు ఓస్టాప్ గారు.

క్లారా పెద్దమ్మ దగ్గింది. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. మావయ్య పెళ్ళి చేసుకుని కొండ మీద కొత్త ఇంటికి వెళ్ళిపోయాడు. అయినా బాబిన్ వీధి గురించి మాట్లాడితే 'మనం' అనే అంటాడు. మిల్లు వెనకాల కూరగాయల తోటల సంఘానికి పెద్ద కూడా ఆయనే.

"తోట మనవాళ్ళది. మనల్ని వద్దనుకుని పోయేవాడికి అందులో మడి ఎందుకు? గేటు తాళంచెవి ఇచ్చెయ్."

ఓస్టాప్ గారికి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. తిరిగి వెళ్ళడానికి ఊరు లేదు. ఉన్నదల్లా ఆ మడి. క్యాబేజీలు, బీట్‌రూట్, ఒక చిన్న చెక్కగది, అందులో టీ కాచుకునే గిన్నె. ఆయన కోటు లోపలి జేబులోంచి తాళంచెవి తీసి, కేకు పళ్ళెం పక్కన చప్పుడు కాకుండా పెట్టారు.

నేను అమ్మమ్మ వైపు చూశాను. మావయ్యకి గడ్డం లేదు. ఆయన అన్న ప్రతి మాటా ఆవిడ చూసింది. ఒక్కమాట చాలు. 'వద్దురా' అంటే చాలు. ఆవిడ టీ కలుపుకుంటూ కూర్చుంది. అమ్మమ్మ టీలో పంచదార వేసుకోదు. అయినా చెంచా తిరుగుతూనే ఉంది.

బళ్ళో నాకు జవాబులన్నీ తెలిసేవి. చెయ్యెత్తేదాన్ని కాదు. ఇంకెవరో తప్పు జవాబు చెప్పి శభాష్ అనిపించుకుంటుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"ఒప్పుకున్న ఇల్లు ఆయనది కాదు," అన్నాను.

ఎవ్వరూ వినలేదు. చిలక అరుస్తోంది. నా జీవితంలో ధైర్యం చేసి అన్నది ఒక్క మాట, అది కూడా రెండోసారి అనాల్సి వచ్చింది.

"ఆ ఇల్లు ఓస్టాప్ గారిది కాదు మావయ్యా."

మావయ్య తిరిగి చూశాడు. "ఓహో, నీకు నోట్లో నాలుక ఉందా? మరి ఎవరిదో సెలవియ్యి."

"అమ్మమ్మది."

గది మొత్తంలో ఆ మాట వినపడనిది ఒక్క అమ్మమ్మకే. ఆవిడ అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, చెవుడున్నవాళ్ళ పెద్ద గొంతుతో, "ఏమంటోంది అది?" అంది.

క్లారా పెద్దమ్మ ఒళ్ళో పడ్డ కేకు పొడి దులుపుకుంది. తర్వాత అమ్మమ్మకి మాత్రమే కనబడేలా ఇటు వీపు పెట్టి, పెదవులు కదిపింది.

"నిజమేనా సార్?" అన్నాడు మావయ్య.

"అది చెప్పే అధికారం..." అంటూ పెన్‌బరీ గారు టోపీ కోసం వెతుక్కోసాగారు. అది ఆయన మోకాలి మీదే ఉంది.

"నీకెవరు చెప్పారు?" అమ్మమ్మ నన్నే చూస్తోంది.

"ఎవ్వరూ చెప్పలేదు. చూశాను."

"ఎప్పటినుంచి?"

"చిన్నప్పటినుంచి."

అమ్మమ్మ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. ఏళ్ళ తరబడి నా ముందు ఏమేం అనుకున్నారో గుర్తు చేసుకుంటోంది కాబోలు. క్లారా పెద్దమ్మ చెయ్యి తనంతట తనే నోటిమీదికి వెళ్ళింది.

"నాకు తెలుసు," అన్నారు ఓస్టాప్ గారు.

మావయ్య ఆయన వైపు తిరిగాడు. "ఏం తెలుసు?"

"ఇల్లు ఈవిడదని. గోడ పల్చన, ఈవిడ గొంతు పెద్దది. మునిసిపాలిటీ వాళ్ళని 'స్నానాలగది ఉందా' అని అడిగిన రోజు నేను మా వంటింట్లో ఉన్నాను. చర్చి దాకా వినపడలేదంటే అదృష్టం."

"మరి చెప్పవేమయ్యా మహానుభావా? నీ మడి లాక్కుంటుంటే కూడా నోరు మూసుకుని కూర్చున్నావే?"

"అది ఆవిడ చెప్పుకోవాల్సిన మాట." ఆయన నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "నువ్వు కూడా ఊరుకోవాల్సిందమ్మా. పోతే నాకు క్యాబేజీలు పోయేవి."

ఎవరి కోసం నోరు విప్పానో ఆయనే ఆ మాట అన్నారు. మళ్ళీ మెట్ల మీద కూర్చుందామా అనిపించింది. కానీ నిలబడే ఉన్నాను.

మావయ్య అప్పటికి కూర్చున్నాడు, పెన్‌బరీ గారి పక్కనే, ఆ మంచి సోఫాలో. "అమ్మా, నాడె మీద చెయ్యి వేయించింది నువ్వు."

అమ్మమ్మ ఆయన పెదవులు చూసి చదువుకుంది. "వేయించాను. అప్పటికి నా మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. నీ ఇంట్లో వేణ్ణీళ్ళు గోడలోంచి వస్తాయి క్లిఫర్డ్. నాకు రాత్రి లేవాలంటే వానలో పెరడు దాటాలి. మీ నాన్న మరుగుదొడ్డికి బిగించిన తలుపు కింద ఇంత సందు, మంచు మొత్తం లోపలికే. నువ్వు శనివారం వచ్చి, కేకు తిని, ఇది మన చరిత్ర అని చెప్పి పోతావు. చరిత్ర మీద కూర్చుంటే చలేస్తుంది నాయనా."

క్లారా పెద్దమ్మ నవ్వబోయి ఆగిపోయింది. 

అమ్మమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. బల్ల దగ్గరికి వెళ్ళి, తాళంచెవి తీసి, ఓస్టాప్ గారి అరచేతిలో పెట్టి, ఆయన వేళ్ళు తనే ముడిచింది. ఆయనకి క్షమాపణ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. ఆయనా అడగలేదు. తర్వాత వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. మగ్గాలు నడిపిన చెయ్యి. విడిపించుకోవడం కుదరదు.

వంటింట్లోంచి పెరటి తలుపు దాకా నడిపించింది. నేను ఆవిడకి కనబడేలా మొహం అటు తిప్పి అడిగాను. "అమ్మమ్మా, 'మరి పిల్ల' అని పెద్దమ్మ అడిగింది కదా. నువ్వేం చెప్పావు?"

"ఒక్క రోజైనా మగ్గం దగ్గర నిలబడ్డావా?"

"లేదు."

"అయితే ఆ మాట నీది కాదు. ఎవరి మాట వాళ్ళకి వదిలెయ్యడం ముందు నేర్చుకో."

"ఆయన మడి పోతుంటే చూస్తూ కూర్చున్నది నువ్వు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను కాదు."

ఆవిడ తలుపు తీసింది. బయట సన్నగా వాన. పెరటి చివర ఆ మరుగుదొడ్డి తలుపు గాలికి కొట్టుకుంటోంది. నన్ను గడప అవతలికి పంపింది. కోటు లేదు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు.

మూసెయ్యబోతూ ఆగింది. వెనక్కి తిరిగి ఎవ్వరూ చూడటం లేదని చూసుకుంది. తలుపు సందులో ఆవిడ మొహం సగమే ఉంది, నోరు మాత్రం పూర్తిగా కనిపిస్తోంది. గొంతు లేకుండా, పెదవులు బాగా తెరిచి, సాగదీసి, షెడ్డులో పక్క మగ్గం మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. నాతో ఆవిడ పెదవిమాటలో మాట్లాడటం అదే మొదటిసారి.

'రేపు ఆదివారం మీ అమ్మ వస్తోంది. బట్టలు సర్దుకో.'

నేను నోరు తెరిచేలోపు తలుపు మూసేసింది.